సర్ఫేస్ లూర్‌తో బ్రీమ్ పట్టడం ఎలా: సామాను దగ్గర్నుంచి చేప చేతికొచ్చే దాకా

సిడ్నీలో నవంబర్ వచ్చి నీళ్ళు వెచ్చబడ్డాయంటే చాలు, మనవాళ్ళలో గాలం సరదా ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. సర్ఫేస్ లూర్ (నీటి పైన తేలే నకిలీ ఎర) వేస్తున్నాం, బ్రీమ్ చేప వెనకాలే వస్తోంది, టప్పుమని కొడుతోంది కూడా, కానీ తగులుకోవట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాం అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు మొత్తం ఒకచోట వరసగా రాసేస్తున్నా.

నేను రాసేది న్యూ సౌత్ వేల్స్ తీరంలో దొరికే యెల్లోఫిన్ బ్రీమ్ గురించి. మెల్‌బోర్న్ వైపు ఉన్నవాళ్ళకి దొరికేది ఎక్కువగా బ్లాక్ బ్రీమ్, సామాను అదే, లూర్ ఆపే టైమ్ మాత్రం ఇంకా ఎక్కువ ఉండాలి, ఆ సంగతి 7వ భాగంలో చెప్తా.

1. రాడ్ ముట్టుకునే ముందు

న్యూ సౌత్ వేల్స్‌లో ఫిషింగ్ ఫీజు కట్టకుండా గాలం వేయకూడదు. 3 రోజులకి, నెలకి, ఏడాదికి, 3 ఏళ్ళకి విడివిడిగా కట్టుకోవచ్చు, 18 లోపు పిల్లలకి అక్కర్లేదు. రసీదు ఫోన్‌లో ఉంచుకోండి, ఫిషరీస్ ఆఫీసర్ వచ్చి అడిగితే చూపించాలి.

బ్రీమ్ కనీస సైజు 25 సెంటీమీటర్లు, ముక్కు కొన నుంచి తోక చివర దాకా. ఒక మనిషి దగ్గర 10కి మించి ఉండకూడదు, టార్‌వైన్ అనే దాని అన్నదమ్ముడు చేప కూడా ఆ 10లోకే వస్తుంది. విక్టోరియాలో అయితే సైజు 28. ఫోన్‌లో ఫిష్‌స్మార్ట్ యాప్ పెట్టుకుంటే రూల్స్ మారినా తెలుస్తాయి.

ఇంకో ముఖ్యమైన మాట. సిడ్నీ హార్బర్ బ్రిడ్జికి పడమర వైపు, అంటే మన పరమట్టా రివర్, లేన్ కోవ్ రివర్ అంతా కలిపి, పట్టిన చేప తినొద్దని ప్రభుత్వమే చెప్తోంది, అడుగు మట్టిలో డయాక్సిన్ అనే విషం ఉంది కాబట్టి. 2006లో హార్బర్‌లో అమ్మకానికి చేపలు పట్టడం ఆపేసింది కూడా అందుకే. అక్కడ సరదాగా పట్టండి, వదిలేయండి. ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టి పిల్లలకి పెట్టొద్దు, దయచేసి. జార్జెస్ రివర్, బోటనీ బే చేపలకి కూడా ఎంత తినొచ్చో సలహాలు ఉన్నాయి, తినాలనుకుంటే ముందు చూసుకోండి.

2. ఎప్పుడు వెళ్ళాలి

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. నీటి వేడి 20 డిగ్రీలు దాటాక ఆట మొదలవుతుంది. చలికాలంలో యెల్లోఫిన్ గుడ్లు పెట్టడానికి నది మొగల వైపు పోతుంది, ఎండాకాలంలో మళ్ళీ లోపలికి, మడ అడవుల పక్కకి, తక్కువ లోతు మేటల మీదికి రొయ్యల కోసం వస్తుంది. పైన లూర్ పని చేసేది ఆ రొయ్యల వల్లే. రొయ్య భయపడితే నీళ్ళ పైకెగిరి చిటుకు చిటుకుమని పరిగెడుతుంది, మన లూర్ చేయాల్సింది అదే.

పోటు ఎక్కే టైమే అన్నిటికన్నా మంచిది. ఆటుకి ఎండిపోయిన ఇసక మేట మీదికి నీళ్ళు ఎక్కుతుంటే, మోకాలి లోతు రాగానే బ్రీమ్ దాని వెనకాలే వచ్చేస్తుంది. పోటు నిండి తిరిగి దిగడం మొదలైన మొదటి గంట, గంటన్నర కూడా బావుంటుంది.

టైడ్ టైమ్‌లు సిడ్నీకి ఫోర్ట్ డెనిసన్ లెక్కన ఇస్తారు. నది లోపలికి వెళ్ళేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది, ఈ సంగతి తెలియక చాలామంది జార్జెస్ రివర్ లోపల ఉన్న పిక్నిక్ పాయింట్ లాంటి చోటికి తొందరగా వెళ్ళి, ఎండిన మేట చూసి, నీళ్ళు వచ్చే టైమ్‌కి ఇంటికి బయల్దేరుతుంటారు.

పొద్దున్నే, సాయంత్రమే దొరుకుతుందనుకోవద్దు. మేటల మీద మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా కొడుతుంది, కాకపోతే నీటి మీద చిన్న గాలి అల ఉండాలి. అద్దంలా కదలకుండా ఉన్న నీళ్ళలో బ్రీమ్ లూర్‌ని పరీక్షగా చూసి వెనక్కి తిరిగిపోతుంది, అల ఉంటే దానికి అంత స్పష్టంగా కనపడదు, నమ్మేస్తుంది. గాలి ఉందని ఇంట్లో కూర్చోకండి, గాలిని వీపు వెనక పెట్టుకుని నిలబడండి, లూర్ ఇంకో 10 మీటర్లు ఎక్కువ పోతుంది.

3. ఎక్కడ నిలబడాలి

వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు వాళ్ళకి జార్జెస్ రివర్ దగ్గర. గాస్‌ఫర్డ్ పక్కన బ్రిస్బేన్ వాటర్ మేటలు నాకు అన్నిటికన్నా ఇష్టం. లేక్ మెక్వారీ పెద్దది, అక్కడ వ్యాపార వలలు లేవు. నార్రబీన్ లగూన్ నడిచి దిగడానికి వీలుగా ఉంటుంది.

ఏ చోటైనా చూడాల్సింది ఇవే:

- 30 సెంటీమీటర్ల నుంచి మీటరు లోతు నీళ్ళు, పక్కనే లోతు కాలవ
- ఇసకలో గిన్నెల్లాంటి గుంటలు, అవి చేపలు ఇసకలో దాక్కున్న పీతల కోసం తవ్వినవి
- సీగ్రాస్ గడ్డికీ ఇసకకీ మధ్య అంచు
- మడ చెట్ల వేళ్ళు, ఆయిస్టర్ పట్టిన రాళ్ళు, పడిపోయిన చెట్లు
- చిన్న రొయ్యలు, చిన్న చేపలు పైకి ఎగరడం

లోతు 2 మీటర్లు దాటిన చోట సర్ఫేస్ లూర్‌తో గంటలు గడపడం నా లెక్కలో వృథా. అక్కడ సాఫ్ట్ ప్లాస్టిక్ (మునిగే మెత్తటి నకిలీ ఎర) వేసుకోండి.

నీళ్ళలో దిగి నడిచేవాళ్ళు అడుగు ఎత్తి వేయొద్దు, పాదం నేల మీద ఈడుస్తూ నడవండి, ఇసకలో పడుకున్న స్టింగ్‌రే అలికిడికి తప్పుకుంటుంది, కాలు పైన పడితే మాత్రం ముల్లు దింపుతుంది. పాత బూట్లు తప్పనిసరి, ఆయిస్టర్ గుల్ల బ్లేడు కన్నా బాగా కోస్తుంది. ఎండాకాలంలో బుల్ షార్క్‌లు హార్బర్‌లోకి, నదుల్లోకి వస్తాయి, కాబట్టి చీకట్లో, బురద నీళ్ళలో నడుము లోతుకి దిగొద్దు.

4. రాడ్, రీల్, దారం

కొత్తలో ఒక షాపులో నాకు 6 నుంచి 10 కిలోల రాడ్ అంటగట్టారు, అన్ని చేపలకీ పనికొస్తుందని. 5 గ్రాముల లూర్ దాంతో విసిరితే 12 మీటర్లు కూడా పోలేదు, రెండు నెలలు నాకు విసరడం రావట్లేదనే అనుకున్నా. తప్పు చేతిది కాదు, రాడ్‌ది. అందుకే ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

- రాడ్: 7 అడుగుల స్పిన్ రాడ్, 1 నుంచి 3 కిలోలు లేదా 2 నుంచి 4 కిలోలు అని రాసి ఉన్నది. కొన మెత్తగా వంగాలి.
- రీల్: 1000 నుంచి 2500 సైజు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే బ్రేకు) నునుపుగా జారాలి, మిగతావన్నీ తర్వాత.
- మెయిన్ లైన్: 4 నుంచి 8 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). మొదటిసారి అయితే 6.
- లీడర్ (మెయిన్ లైన్‌కీ లూర్‌కీ మధ్య కట్టే దారం): 6 లేదా 8 పౌండ్ల నైలాన్, రాడ్ పొడవంత.

లీడర్‌కి ఫ్లోరోకార్బన్ కాకుండా నైలాన్ ఎందుకు అని అడుగుతారు. ఫ్లోరోకార్బన్ బరువు, నీళ్ళలో మునుగుతుంది, మనం లూర్ ఆపి కూర్చున్నప్పుడు దాని ముక్కుని కిందికి లాగేస్తుంది, మళ్ళీ కదిపినప్పుడు లూర్ గునుస్తుంది. నైలాన్ దాదాపు నీటి పైనే ఉంటుంది. సన్న ఫ్లోరోకార్బన్‌తో కూడా పట్టేవాళ్ళు ఉన్నారు, కానీ నేర్చుకునేటప్పుడు నైలాన్‌తోనే సుఖం.

డ్రాగ్‌ని దారం బలంలో పావు వంతుకి కాస్త అటూ ఇటూగా పెట్టండి. 6 పౌండ్లంటే 2.7 కిలోలు కాబట్టి 700 గ్రాముల దగ్గర. చిన్న తూకం కాటా కొక్కేనికి లైన్ కట్టి రాడ్ వంచి లాగి చూడండి, ఒకసారి చూస్తే ఆ తర్వాత చేతికే తెలుస్తుంది.

పోలరైజ్డ్ కళ్ళద్దాలు (నీటి మీది మెరుపుని ఆపేవి) కూడా సామానులో భాగమే. అవి లేకపోతే వెనకాల వచ్చే చేప కనపడదు, చేప కనపడకపోతే 8వ భాగంలో చెప్పేది ఏదీ చేయలేరు.

5. లూర్లు

పెట్టె నిండా కొనకండి. మూడు రకాలు చాలు.

స్టిక్‌బెయిట్: సన్నగా పుల్లలా ఉంటుంది, కుడి ఎడమ ఊగుతూ వస్తుంది. బాస్‌డే షుగాపెన్ 70, లక్కీ క్రాఫ్ట్ సామీ 65 లాంటివి. ఇసక మేటలకి ఇదే మొదటిది. ఓఎస్‌పీ బెంట్ మిన్నో అని అరటిపండులా వంగినది ఒకటి ఉంది, అది లాగితే కాస్త మునిగి దొర్లి పైకి తేలుతుంది, రాళ్ళ దగ్గర, ఆయిస్టర్ల దగ్గర దానికి సాటి లేదు.

పాపర్: ముందు మూతి గుంటగా ఉంటుంది, లాగితే బుడుంగుమని నీళ్ళు చిమ్ముతుంది. రివర్2సీ బబుల్ పాప్ 45 లాంటిది. గాలి అల ఎక్కువున్నప్పుడు స్టిక్‌బెయిట్ చప్పుడు చేపకి వినపడదు, అప్పుడు ఇది.

సికాడా: చెట్ల మీద కీచుమని అరిచే పురుగు రూపం. డిసెంబర్, జనవరిలో ఆ అరుపు గట్టిగా ఉన్నప్పుడు, చెట్లు నీళ్ళ మీదికి వంగిన చోట మాత్రమే.

రంగు గురించి ఎక్కువ ఆలోచించకండి. రొయ్య రంగులో పారదర్శకంగా ఉన్నది ఒకటి, బురద నీళ్ళకి ముదురుది ఒకటి. సైజు మాత్రం 45 నుంచి 75 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలి.

కొన్న రోజే కొక్కేల ములుకులు ప్లయర్‌తో నొక్కేయండి. చేప వదలడం తేలిక, మీ వేలికి గుచ్చుకున్నా తీయడం తేలిక.

6. ముడులు

బ్రెయిడ్‌కి లీడర్ కలపడానికి ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా సన్నది, రాడ్ రింగుల్లోంచి తట్టకుండా పోతుంది. రాకపోతే డబుల్ యూని వేయండి, ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇరవై సార్లు వేస్తే ఎఫ్‌జీ కూడా వచ్చేస్తుంది.

లూర్ దగ్గర మాత్రం బిగుతు ముడి వేయొద్దు, లూప్ ముడి వేయాలి. లూర్ ముక్కు స్వేచ్ఛగా తిరిగితేనే ఊగుతుంది.

1. లీడర్ చివర నుంచి జానెడు దూరంలో మామూలు ఒంటి ముడి వేసి, బిగించకుండా వదులుగా ఉంచండి.
2. చివర కొసని లూర్ రింగులోంచి దూర్చి, వెనక్కి తెచ్చి ఆ వదులు ముడిలోంచే, అది బయటికొచ్చిన వైపు నుంచే లోపలికి పెట్టండి.
3. అసలు లైన్ చుట్టూ 4 లేదా 5 చుట్లు తిప్పండి.
4. కొసని మళ్ళీ అదే ముడిలోంచి, అదే వైపు నుంచి వెనక్కి తీయండి.
5. ఉమ్మి తడి చేసి నెమ్మదిగా బిగించండి. పొడి మీద లాగితే నైలాన్ వేడెక్కి అక్కడే తెగుతుంది.

లూప్ చిటికెన వేలు గోరంత ఉంటే చాలు.

7. విసరడం, నడిపించడం

చేప కనపడితే దాని నెత్తిన విసరొద్దు. దాని అవతలికి రెండు మూడు మీటర్లు దాటించి, దాని దారిలోకి తీసుకురండి. లూర్ నీళ్ళని తాకబోతుండగా స్పూల్ (రీల్‌లో దారం చుట్టిన భాగం) మీద వేలు ఆనించి లైన్ ఆపండి, ధబ్బున పడకుండా మెత్తగా వాలుతుంది. బెయిల్ (రీల్ మీద తెరిచి మూసే తీగ) చేత్తో మూయండి, వదులు లైన్ లాగేయండి. ఈ రెండూ చేయకపోతే బ్రెయిడ్ చిక్కుపడుతుంది, ఆ చిక్కు విప్పుతూ అరగంట పోతుంది, అప్పటికి పోటు కూడా దిగిపోతుంది.

ఇక కదపడం. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేటప్పుడు దారం చిన్నగా తుంచి వెంటనే వదులుతాం కదా, అచ్చం అదే. రాడ్ కొన కిందికి, నీళ్ళ వైపు పెట్టండి. మణికట్టుతో చిన్న తుంపు, వెంటనే కొన ముందుకి తెచ్చి వదులు ఇవ్వడం, ఆ వదులులో లూర్ ఒక పక్కకి జారుతుంది. మళ్ళీ తుంపు, ఇంకో పక్కకి. తుంపుకీ తుంపుకీ మధ్య రీల్ పావు చుట్టు. లైన్ ఎప్పుడూ బిగుతుగా ఉంటే లూర్ ఊగదు, నేరుగా పడవలా వస్తుంది, కొత్తవాళ్ళు అందరూ చేసే తప్పు ఇదే.

దూరంగా ఉన్నప్పుడు రాడ్ కొన కాస్త పైకెత్తి, దగ్గరికి వచ్చేకొద్దీ దించుతూ రండి.

ఎంతసేపు ఆపాలి అన్నది చోటుని బట్టి:

- ఇసక మేట: ఆరేడు తుంపులు, ఒక సెకను ఆగడం, మళ్ళీ కదలడం. వైటింగ్ అనే చేప కూడా అదే మేట మీద ఉంటుంది, దానికి ఆగితే నచ్చదు, బ్రీమ్‌కి ఆగితేనే నచ్చుతుంది.
- రాళ్ళు, ఆయిస్టర్లు: రెండు లాగుళ్ళు, 3 నుంచి 5 సెకన్లు ఆగడం.
- చెట్ల కింద సికాడా: పడ్డాక అలల వలయాలు అన్నీ ఆరిపోయే దాకా ముట్టుకోవద్దు. తర్వాత చిన్న వణుకు ఒకటి. మళ్ళీ ఆగడం. బ్లాక్ బ్రీమ్ అయితే 20 సెకన్లు కూడా ఆగాలి, చాలాసార్లు ఆ ఆగినప్పుడే తీసుకుంటుంది.

8. కొట్టింది, ఇప్పుడేం చేయాలి

మీ ప్రశ్నలన్నీ ఇక్కడివే.

మనలో చాలామంది గాలం నేర్చుకున్నది ఊళ్ళో కాలవ గట్టు మీద. వెదురు కర్ర, వానపాము, బెండు. బెండు బుడుక్కున మునిగితే ఆ క్షణమే ఎగరేసి లాగాలి, ఆలస్యమైతే ఎర పోతుంది. ఆ అలవాటు చేతిలో పాతుకుపోయి ఉంటుంది. నీటి పైన లూర్ దగ్గర చప్పుడు వినపడగానే అదే చెయ్యి లేస్తుంది, లూర్ గాల్లోకి లేచి మన మొహం మీదికి వస్తుంది, బ్రీమ్ నోట్లో ఏమీ ఉండదు.

బ్రీమ్ నోరు చిన్నది. చాలాసార్లు మొదటి దెబ్బ తినడానికి కాదు, రొయ్యని నలగ్గొట్టి ఆపడానికి. రెండోసారో మూడోసారో మింగుతుంది. మొదటి చప్పుడుకే లాగేస్తే దాని తిండి పారిపోయినట్టే.

మొన్న ఫిబ్రవరిలో మా బావని బ్రిస్బేన్ వాటర్ తీసుకెళ్ళా. మోకాలి లోతు నీళ్ళు, ఇసక మీద ఎండ గళ్ళు గళ్ళుగా కదుల్తోంది, లూర్ వెనకాల బాణం ములికిలా ఒక అల. అంటే చేప వెంట పడింది. అల దగ్గరికొచ్చింది, టప్, బావ లాగేశాడు. ఇంకో చేప, టప్, మళ్ళీ లాగేశాడు. మూడోసారి చెప్పా, "బావా, నీళ్ళ వైపు చూడకు, చేతి వైపు చూడు, బరువు తెలిస్తేనే ఎత్తు" అని. టప్. ఆగాడు. లూర్ ఊరికే తేలుతోంది. చిన్నగా ఒక్క తుంపు ఇచ్చాడు. నీళ్ళ పైకి వెండి రంగు పక్క ఒకటి మెరిసి తిరిగింది, లూర్ కనపడలేదు, రాడ్ దానంతటదే వంగింది. 31 సెంటీమీటర్లు.

కాబట్టి వరస ఇది:

1. చప్పుడు విన్నారు, నీళ్ళు చిమ్మాయి. ఏమీ చేయొద్దు.
2. చేతికి బరువు తెలిసిందా? తెలిస్తే రాడ్‌ని పక్కకి, మెత్తగా లాగండి. గట్టిగా కొట్టొద్దు, సన్న కొక్కెం ఆ మాత్రానికే దిగుతుంది.
3. బరువు లేదా? ఒక సెకను ఆగండి, చిన్న వణుకు ఇవ్వండి.
4. అయినా తీసుకోలేదా? అదే వేగంతో మళ్ళీ నడిపించండి, చేప ఇంకా వెనకే ఉంటుంది.
5. పూర్తిగా వదిలేసి పోయిందా? రెండు నిమిషాలు ఆగి అదే చోటికి చిన్న లూర్ వేయండి.

మేట మీద చేప తగిలితే దూరంగా పరిగెడుతుంది, పోనివ్వండి, డ్రాగ్ చూసుకుంటుంది. మడ వేళ్ళ దగ్గర, ఆయిస్టర్ల దగ్గర మాత్రం మొదటి రెండు మూడు సెకన్లే అంతా, రాడ్ పక్కకి వంచి దాని తల మీవైపు తిప్పేయాలి, అక్కడ మెత్తదనం పనికిరాదు, 8 పౌండ్ల లీడర్ కట్టుకోండి.

9. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు

వెంట వస్తోంది, కొట్టట్లేదు: మొదట వేగం మార్చండి, తర్వాత లీడర్ సన్నం చేయండి, ఆ తర్వాతే లూర్ మార్చండి. చాలామంది లూర్ నుంచే మొదలుపెడతారు.

కొడుతోంది, తగలట్లేదు: కొక్కెం మొన గోరు మీద గీసి చూడండి. జారిపోతే మొద్దుబారింది. కొత్తది వేయండి, లేదా వెనక కొక్కెం తీసి సన్న దారంతో వేలాడే అసిస్ట్ హుక్ పెట్టండి.

తగిలి వదిలేస్తోంది: డ్రాగ్ బిగుతు, లేదా రాడ్ గట్టిది.

లూర్ లీడర్‌కి చుట్టుకుంటోంది: తుంపు మరీ గట్టిగా ఇస్తున్నారు.

గంట అయినా ఒక్క చప్పుడు లేదు: లూర్ కాదు, చోటు మార్చండి. 50 మీటర్లు నడవండి.

10. చేప చేతికొచ్చాక

రబ్బరు జాలి ఉన్న వల వాడండి, మామూలు నూలు వల కొక్కేలకి చిక్కి పొలుసులు ఊడగొడుతుంది. చెయ్యి తడి చేసుకుని, తల వైపు నుంచి తోక వైపుకి అరచేత్తో నిమురుతూ పట్టుకోండి, వెన్ను ముళ్ళు పడుకుంటాయి. ఎదురు పట్టుకుంటే అరచేతిలో దిగుతాయి. మొప్పల మూత అంచు కూడా పదునే.

బ్రీమ్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది, 25 సెంటీమీటర్లు రావడానికే సుమారు 5 ఏళ్ళు పడుతుంది. 40 దాటిన చేప దొరికితే అది మన పెద్ద పిల్లాడి కన్నా పెద్దది కావచ్చు. దాన్ని వదిలేయమని నా మనవి. కూరకి 28, 30 సైజువి రెండు చాలు. తీసుకెళ్ళేవాటిని వెంటనే చంపి ఐస్ నీళ్ళలో వేయండి, బక్కెట్‌లో కొట్టుకుంటూ చావనివ్వొద్దు, చేపకీ బాధ, మాంసం కూడా మెత్తబడిపోతుంది.

11. బయల్దేరే ముందు రాత్రి

- ఫీజు రసీదు, కొలత పట్టీ
- పోటు టైమ్, గాలి దిక్కు చూసుకున్నారా
- లీడర్ కొత్తది కట్టారా, ముడి లాగి చూశారా
- స్టిక్‌బెయిట్ 2, పాపర్ 1, అదనపు కొక్కేలు
- ప్లయర్, కత్తెర, రబ్బరు వల
- పోలరైజ్డ్ కళ్ళద్దాలు, టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళు
- పాత బూట్లు, కయాక్ అయితే లైఫ్ జాకెట్
- ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పారా

12. తిరిగొచ్చాక

రీల్ మీద కుళాయి నీళ్ళు సన్నగా పోయండి, గట్టి ధార కొడితే ఉప్పు లోపలికి పోతుంది. డ్రాగ్ వదులు చేసి పెట్టండి. వాడిన లూర్లు మంచినీళ్ళ గిన్నెలో పది నిమిషాలు నానేసి, గుడ్డ మీద ఆరాకే పెట్టెలో పెట్టండి, ఒక్క తడి లూర్ మూసిన పెట్టెలో ఉంటే వారం తిరిగేసరికి పక్క కొక్కేలన్నీ తుప్పు పడతాయి. లీడర్ మొదటి జానెడు రెండు వేళ్ళ మధ్య పెట్టి లాగి చూడండి, ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి కత్తిరించేయండి.